లాగ్‌ఫ్రేమ్‌తో 11 ఏళ్లు: ఏం కలిసొచ్చింది, ఏం విసిగించింది

అంతర్జాతీయ సాంకేతిక సహకార ప్రాజెక్టులో చేరిన ప్రతి దేశమూ ఎప్పటికప్పుడు ప్రగతి నివేదిక పంపుకోవాలి. మా దగ్గర ఆ రాతకోతలు నా నెత్తిన పడి 11 ఏళ్లయింది. అందులో మొదటి పేజీ నుంచి చివరిదాకా వెంటాడేది లాగ్‌ఫ్రేమ్ అనే పట్టిక. పైనుంచి కిందికి లక్ష్యం, ప్రయోజనం, అవుట్‌పుట్లు (పనుల వల్ల చేతికొచ్చేవి), పనులు. అడ్డంగా చూస్తే ఏం చేద్దామనుకున్నాం, దేనితో కొలుస్తాం, రుజువెక్కడ, మన చేతిలో లేనిదేమిటి. 1969లో అమెరికా వాళ్ల విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ కోసం తయారైంది. 1980ల్లో జర్మనీ సాంకేతిక సహకార సంస్థ జీటీజెడ్ దీన్నే జోప్ పేరుతో వాడింది.

నా పని భూగర్భజలాల ఐసోటోపుల మీద, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల మీద. చెరువు నీరు ఎండకి ఆవిరయ్యేకొద్దీ తేలిక అణువులు ముందు లేచిపోతాయి, ఆక్సిజన్-18, డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న బరువైనవి ఎక్కువగా మిగులుతాయి. చెరువు దిగువన ఉన్న బోరులో ఆ గుర్తు కనిపిస్తే చెరువు నీరు అక్కడికి చేరుతున్నట్టు. కనిపించకపోతే, వాన నేరుగా ఇంకిందో, పాత నీరే ఉందో వెతుక్కోవాలి. ఇంకుడు చెరువు ఎక్కడ తవ్వితే లాభమో చెప్పడానికి ఇంతకంటే పనికొచ్చే ఆధారం నేను చూడలేదు.

అయితే మొదటి మూడేళ్లు మా నివేదికల్లో ఈ సంగతే లేదు. ఇన్ని శాంపిళ్లు, ఇంతమందికి శిక్షణ, ఇన్ని మీటింగులు, అంతే. నాలుగో ఏడు ప్రాజెక్టు వాళ్ల దగ్గర్నుంచి ఒకే ప్రశ్న వచ్చింది: మీ ఫలితాలు ఎవరు వాడుకున్నారు? ఒక జిల్లాలో భూగర్భజలాల ఇంజనీరు గారికి ఫోన్ చేశాను. "మీ రిపోర్టు బీరువాలో భద్రంగా ఉంది సార్" అన్నారాయన, ఏ వెటకారమూ లేకుండా.

ఆ ఏడాదే పట్టికలో ఇండికేటరు, అంటే కొలిచే గుర్తు, మార్చాం: మా ఫలితం చూసి ఇంకుడు చెరువు స్థలం మార్చుకున్న ఊళ్లు ఎన్ని? జవాబు సున్నా. మా పెద్దాయన "ప్రక్రియలో ఉంది అని రాయవయ్యా" అన్నారు. నేను సున్నానే రాశాను. ఎవరూ తిట్టలేదు. మరుసటి ఏడు ఆ గడిలో రెండు పడింది.

అందరూ చివరి నిమిషంలో నింపేది పట్టికలో నాలుగో నిలువు వరస, మన చేతిలో లేనివి రాసేది. మేమూ "ప్రభుత్వ సహకారం కొనసాగుతుంది" అని రాసి చేతులు దులుపుకునేవాళ్లం. సుంకం మినహాయింపు కాగితం మేమే ఆలస్యంగా పెట్టడంతో పరికరం పెట్టె ఓడరేవులో చిక్కుకుపోయింది. అప్పుడు తెలిసొచ్చింది. ఆ తర్వాత "పెట్టె దిగేలోపు మినహాయింపు పత్రం చేతికొస్తుంది", "శిక్షణకి వెళ్లొచ్చిన కుర్రాడు రెండేళ్లు ఇక్కడే ఉంటాడు" అని రాయడం మొదలుపెట్టాం. కుర్రాడు ఎనిమిది నెలలకే వేరే ఉద్యోగంలో చేరిపోయాడనుకోండి. ముందే రాసిపెట్టుకున్నాం కాబట్టి నివేదికలో సంజాయిషీ వెతుక్కోనక్కర్లేకపోయింది.

ఇక విసుగు సంగతి. నివేదిక డిసెంబరుతో ముగిసే ఏడాదికి. మాకేమో వానల తర్వాత శాంపిళ్లు తీసేదే నవంబరు, డిసెంబరులో. ల్యాబు ఫలితాలు వచ్చేసరికి గడువు దాటిపోతుంది. ఏటా సగం లెక్కతోనే రాయాలి.

అంతకంటే పెద్ద లోపం ఇంకోటుంది. అనుకోకుండా జరిగిన మంచికి ఈ పట్టికలో చోటు లేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో నడిచిన, భూగర్భజలాలను రైతులే చూసుకునే ఏపీఫామ్‌జీఎస్ ప్రాజెక్టులో ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల రైతులు తమ బోర్లలో నీటిమట్టం తామే కొలిచేవారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి లెక్క వేసుకునేవారు. మాకు శాంపిళ్లిచ్చిన ఊళ్లో కూడా ఇద్దరు రైతులు ఎవరూ చెప్పకుండానే తాడుకి బరువు కట్టి బావిలో నీటిమట్టం కొలిచి నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టారు. దాన్ని ఏ గడిలో పెట్టను? "ఇతర విషయాలు" కింద రెండు వాక్యాలు ఇరికించాను.

ఇక నివేదిక కోసం మన దేశం పెట్టిన ఖర్చు లెక్క కట్టడానికి జీపు లాగ్‌బుక్కుని మించింది లేదు. నెలాఖరున ఓ గంట కూర్చుని అదీ పట్టికా నింపుకుంటే చివరి వారం జాగారాలు తప్పుతాయి.

మొత్తానికి లాగ్‌ఫ్రేమ్‌కి 5కి 3.5 ఇస్తాను. ఏడాదిలో ముగిసే చిన్న ప్రాజెక్టుకైతే ఇంత తతంగం దండగ, రెండు పేజీల ఉత్తరం చాలు.