ఒంగోలులో బండి సర్వీసుకు ఇస్తున్నారా? లేని కార్బురేటర్‌కు నా దగ్గర డబ్బు తీసుకున్నారు

ఒంగోలులో గానీ చుట్టుపక్కల ఊళ్లలో గానీ మోటార్ సైకిల్ సర్వీసుకు ఇవ్వబోయేవాళ్లు దయచేసి ఇది చదివాకే తాళం చేతికివ్వండి. కర్నూలు రోడ్డు వైపున్న ఒక ప్రైవేటు గ్యారేజీలో నా 110 సీసీ బండికి వేసిన బిల్లు ఇప్పుడు నా ఎదుట ఉంది. సర్వీసుకు బండి తీసుకునేటప్పుడు వాళ్లు నోటిమాటగా చెప్పింది తొమ్మిది వందలు, మహా అయితే వెయ్యి. సాయంత్రం చేతిలో పెట్టిన కాగితంలో ఉన్నది 3,670 రూపాయలు. ధర ఎక్కువైందన్న బాధ ఒక్కటే అయితే నేను ఇంత రాసేవాడిని కాదు. చేయని పనికి, మార్చని సామానుకు, వసూలు చేసే హక్కే లేని పన్నుకు నా దగ్గర డబ్బు తీసుకున్నారు.

ముందు బిల్లు చూడండి. ఇంజిన్ ఆయిల్ 560, ఎయిర్ ఫిల్టర్ 260, స్పార్క్ ప్లగ్ 150, ముందు వెనుక బ్రేక్ షూస్ 640, కార్బురేటర్ క్లీనింగ్ 250, ఇంజిన్ ఫ్లష్ 350, చైన్ లూబ్ 150, కన్జ్యూమబుల్స్ 180, లేబర్ 450, వాటర్ సర్వీస్ 120. మొత్తం 3,110. దాని మీద 18 శాతం జీఎస్టీ.

ఇందులో న్యాయమైనవి కూడా ఉన్నాయి, వాటిని కాదనను. ఉద్యోగరీత్యా నేను రోజూ చీమకుర్తి వెళ్లి వస్తాను. గ్రానైట్ దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగితే మైలేజీ పడిపోతుంది. లేబర్ 450 గురించి కూడా నాకు పేచీ లేదు. ఎండలో, ఆయిల్ మసిలో రోజంతా కూర్చుని పనిచేసే కుర్రాళ్ల కూలి దగ్గర బేరమాడటం నాకు నచ్చదు.

కార్బురేటర్ అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం. దాని సంగతికి వస్తే, నా బండిలో కార్బురేటర్ లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ కాలుష్యాన్ని తగ్గించే బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక తయారైన బళ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షనే ఉంటుంది. పెట్రోలును ఇంజెక్టర్ చిమ్ముతుంది, ఎంత చిమ్మాలో సెన్సర్ల సాయంతో ఒక చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. కొన్ని మోడళ్లలో ఎలక్ట్రానిక్ కార్బురేటర్ వచ్చింది కాబట్టి మీ బండిలో ఏముందో దానితో ఇచ్చిన పుస్తకంలో చూసుకోండి. నా బండిది మాత్రం ఇంజెక్షన్. లేని భాగాన్ని విప్పి శుభ్రం చేశామని 250 వేశారు. అడిగితే, "అది మామూలుగా అందరికీ వేసేదే సార్" అన్నారు. ఆ మాట విన్నాకే ఇది రాయాలని నిశ్చయించుకున్నాను. అందరికీ వేస్తున్నారంటే నాలాంటివాళ్లు ఇంకెందరు కట్టి వెళ్లారో!

ఇంజిన్ ఫ్లష్ అనేది పాత ఆయిల్ తీసేముందు అందులో ఒక రసాయనం పోసి, ఇంజిన్‌ను కొద్దిసేపు తిప్పి, మడ్డి కరిగించే పని. వేళకు ఆయిల్ మార్పిస్తున్న బండికి అది ఎందుకో గ్యారేజీ యజమాని చెప్పలేకపోయారు. కంపెనీ ఇచ్చిన సర్వీసు పట్టికలో అది లేదు. చేయమని నేను అడగలేదు, చేస్తామని వాళ్లు ఫోను చేయలేదు. ఇక కన్జ్యూమబుల్స్ అంటే పాత గుడ్డలు, గ్రీజు, కడగడానికి వాడిన కాస్త పెట్రోలు. వాటికి 180 ఎలా అయిందో వివరం లేదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది బ్రేక్ షూస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రంలోని డ్రమ్మును లోపలినుంచి ఒరుసుకుని బండిని ఆపే ముక్కలు. పాత షూస్ చూపించమంటే "చెత్తలో పోయాయి సార్" అన్నారు. ఆ తర్వాత కూడా వెనుక బ్రేకు కీచుమంటుంటే మా వీధి చివరి మెకానిక్ దగ్గర చక్రం విప్పించాను. ముందు చక్రంలో కొత్తవే ఉన్నాయి. వెనుక చక్రంలో ఉన్నవి అరిగిన పాతవే. పైపైన సాండ్ పేపర్‌తో రుద్ది తిరిగి బిగించారు. చీమకుర్తి దారిలో గ్రానైట్ రాళ్ల లారీల వెనుక, వాటి పక్కన బండి నడిపేవాళ్లకు వెనుక బ్రేకు విలువ ఏమిటో వేరే చెప్పాలా? కొత్త షూస్ వేశారని నమ్మి, భార్యను వెనుక కూర్చోబెట్టుకుని అదే రోడ్డు మీద తిరిగాను. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. ఈ పని చేసినవాళ్లు మనిషి ప్రాణంతో ఆడుకున్నారు.

చాలా బళ్లలో బ్రేక్ డ్రమ్ము బయటి ప్లేటు మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు ఆ బాణం హద్దు గీతను చేరితే షూస్ మార్చే సమయం వచ్చినట్లు. బండి ఇచ్చేముందు ఒకసారి, తెచ్చుకునేటప్పుడు ఒకసారి చూసుకోండి. కొత్త షూస్ వేస్తే ఆ బాణం ఉండే చోటు స్పష్టంగా మారుతుంది.

ఇక పన్ను. రిజిస్టర్ అయిన వ్యాపారి బిల్లు మీద 15 అక్షరాలు, అంకెలు కలిసిన జీఎస్టీ నంబరు ఉంటుంది. మన రాష్ట్రంలో తీసుకున్నదైతే 37తో మొదలవుతుంది. నా బిల్లు మీద ఆ నంబరే లేదు. నంబరు లేనివాళ్లు కొనుగోలుదారు దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను తామే కట్టే కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారులు కూడా బిల్లులో విడిగా పన్ను వేయకూడదు. 560 వేసిన ఆయిల్ డబ్బా మీద ముద్రించిన ధర 420. అలా ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర (ఎమ్మార్పీ)లో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. అంటే 140 అదనంగా వేసి, ఆ మొత్తం మీద మళ్లీ 18 శాతం కట్టించారు. ఇంకొకటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి మోటార్ సైకిల్ విడిభాగాల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎవరైనా ఇంకా 28 అంటే ఒప్పుకోకండి.

డబ్బు కట్టనని బండి తెచ్చుకోవచ్చు కదా అని కొందరు మిత్రులు అడిగారు. చేసిన పనికి కూలి అందేదాకా వస్తువును తన దగ్గరే ఉంచుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ పనివాడికి ఇస్తుంది. అక్కడ తాళం కోసం పెనుగులాడితే మన పక్షమే బలహీనపడుతుంది. అందుకే ఫోనులో యూపీఐ ద్వారా కట్టాను, బిల్లు రెండు ప్రతుల మీదా "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి సంతకం చేశాను, ఆయిల్ డబ్బా అడిగి తెచ్చుకున్నాను. వెనుక చక్రం విప్పినప్పుడు తీసిన ఫొటోలతో తిరిగి వెళితే, యజమాని వెనుక షూస్‌కు 320, కార్బురేటర్‌కు 250 తిరిగి ఇచ్చారు. ఆయిల్ మీద అదనంగా తీసుకున్నదీ, పన్ను పేరుతో తీసుకున్నదీ ఇవ్వలేదు. వాటి కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అది తేలేవరకు గ్యారేజీ పేరు రాయను, ఇన్‌బాక్సులో అడగవద్దు.

మీరు ఏ గ్యారేజీకి వెళ్లినా ఏమేం చేస్తారో, దేనికి ఎంతో ఒక కాగితం మీద రాయించుకుని ఫొటో తీసుకోండి. అందులో లేని పని ఏది చేయాలన్నా ముందు ఫోను చేయాలని అదే కాగితం మీద రాయించండి. మార్చిన ప్రతి పాత సామానూ, కొత్త సామాను వచ్చిన పెట్టె సహా, నాకే కావాలని బండి ఇచ్చేటప్పుడే చెప్పండి. నిజాయితీగా పనిచేసే మెకానిక్ దీనికి నొచ్చుకోడు. మా వీధి చివరి మెకానిక్‌ను నేనేమీ అడగకముందే పాత షూస్ కాగితంలో చుట్టి చేతికిచ్చాడు.

ఇప్పటికే ఇలాంటి బిల్లు కట్టినవాళ్లు దాన్ని పారేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే దానికి రుసుము లేదు. ఒంగోలులోనూ నెల్లూరులోనూ కమిషన్లు ఉన్నాయి. బీఎస్-6 ఇంజెక్షన్ బండికి కార్బురేటర్ క్లీనింగ్ వేసిన బిల్లు మీ దగ్గర ఉంటే నాకు చెప్పండి, అందరం కలిసి ఫిర్యాదు ఇద్దాం.