న్యూయార్క్‌లో మొదటి దోశ ఎక్కడ తినిపించాలి? గుడి క్యాంటీనా, లెక్సింగ్టన్ అవెన్యూ హోటలా?

ఆఫీసులో ఎవరైనా "మీ వంటలు రుచి చూడాలని ఉంది" అంటే న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఉండే మనవాళ్లకు సంతోషంతో పాటు కాస్త టెన్షన్ కూడా మొదలవుతుంది. వాళ్లకు తెలిసిన ఇండియన్ భోజనం చాలావరకు నాన్, బటర్ చికెన్, పాలక్ పనీర్. దోశ, సాంబారు, గారె చాలామందికి పూర్తిగా కొత్త. మొదటి ప్లేటు నచ్చితే మళ్లీ ఎప్పుడు వెళ్దామని వాళ్లే అడుగుతారు. నచ్చకపోతే మర్యాదకు బాగుందని చెప్పి, ఇక ఆ ఊసే ఎత్తరు.

లంచ్ బఫే సంగతి ముందే చెప్పేస్తాను: మొదటిసారికి వద్దు. చవకే, అన్నీ కొంచెం కొంచెం రుచి చూడొచ్చు, నిజమే. కానీ దోశ మూతపెట్టిన ట్రేలో పది నిమిషాలుంటే మెత్తబడిపోతుంది, గారె కరకర పోతుంది, ఇడ్లీ పైన ఎండిపోతుంది. కొన్నిచోట్ల బఫేలోనూ దోశ మాత్రం వేడిగా టేబుల్‌కే తెచ్చిస్తారు. అలాంటి చోటైతే పరవాలేదు.

ఇక మిగిలినవి రెండు. ఫ్లషింగ్‌లోని గణేశ్ గుడి క్యాంటీన్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, అది దాచను. 1977లో కుంభాభిషేకం జరిగిన ఈ గుడి అమెరికాలోని పాత హిందూ దేవాలయాల్లో ఒకటి. అది ఉన్న బౌన్ స్ట్రీట్‌కు 2022లో గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అనే పేరు కూడా కలిపారు. క్యాంటీన్ గుడి కింది అంతస్తులో ఉంటుంది. కౌంటర్‌లో డబ్బు కట్టాలి, నంబరు పిలిచాక వెళ్లి తెచ్చుకోవాలి. హంగులేమీ లేవు. అయితే దోశ పెనం మీద నుంచి నేరుగా మీ చేతికొస్తుంది, కొత్తవాళ్లకు అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి లేదు. పక్క టేబుల్ దగ్గర తాతయ్య, మనవరాలు చేత్తో తింటుంటే మీ అతిథికి ఫోర్క్ పక్కన పెట్టే ధైర్యం దానంతట అదే వస్తుంది. ధరలు కూడా తక్కువే. అందుకే నాలుగైదు రకాలు తెప్పించి, నచ్చనిది వదిలేసినా ఎవరికీ మొహమాటం ఉండదు.

ఇబ్బందులూ ఉన్నాయి. మాన్‌హట్టన్ నుంచి 7వ నంబరు ట్రైన్‌లో చివరిదాకా, అంటే మెయిన్ స్ట్రీట్ స్టేషన్‌దాకా వెళ్లి, అక్కడి నుంచి ఇంకో ఇరవై నిమిషాలు నడవాలి. శని, ఆదివారాల్లో గోలగా ఉంటుంది, వినాయక చవితి రోజుల్లో ఇక చెప్పక్కర్లేదు. క్యాంటీన్‌లో తినాలంటే దర్శనం చేసుకోవాలేమోనని కొందరు సంకోచిస్తారు. అక్కర్లేదని ముందే చెప్పండి.

ఇక రెండోది: మాన్‌హట్టన్‌లో లెక్సింగ్టన్ అవెన్యూ, 26వ వీధి మూల మీద శరవణ భవన్ ఉంది. 1981లో చెన్నైలో మొదలైన హోటల్ ఇది. ఇక్కడ అన్నీ కూర్చున్న చోటికే వస్తాయి, మెనూ చూపిస్తూ ఒక్కో వంటకం గురించి తీరిగ్గా చెప్పొచ్చు. ఖర్చు ఎక్కువ, పైగా టిప్పు. కానీ ఆరేడుగురు కలిసి వెళ్తున్నా, ఆఫీసు మధ్యాహ్నం విరామంలో వెళ్లి రావాలన్నా క్యాంటీన్ కుదరదు, ఇదే మేలు. ఆ చుట్టుపక్కల కొన్ని వెజిటేరియన్ హోటళ్లకు కోషర్ సర్టిఫికెట్, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం వండుతారనే ధ్రువీకరణ కూడా ఉంటుంది. యూదు మిత్రులు వస్తుంటే అలాంటిది చూసుకోండి.

తిండి పడనివాళ్లు ఉన్నా లెక్సింగ్టన్ వైపే మొగ్గుతాను, ఎందుకంటే రద్దీ కౌంటర్ దగ్గర వివరంగా అడగడం కష్టం. గోధుమ పడనివాళ్లకు దోశ క్షేమమని మనం తేలిగ్గా అనేస్తాం. రవ్వ దోశలో గోధుమే ఉంటుంది. బజారులో దొరికే ఇంగువ పొడిలో కూడా చాలాసార్లు గోధుమ పిండి కలుపుతారు, ఆ ఇంగువ సాంబారులోకి వెళ్తుంది. పొంగల్‌లో, ఉప్మాలో జీడిపప్పు ఉంటుంది. పాలు, నెయ్యి కూడా ముట్టని వీగన్లకైతే దోశ మీద నెయ్యి వద్దని విడిగా చెప్పాలి.

ఎక్కడికెళ్లినా మనిషికో ప్లేటు చెప్పకండి, అన్నీ మధ్యలో పెట్టుకుని పంచుకోండి. మొదట మసాలా దోశ. లోపల ఉన్నది బంగాళాదుంప కాబట్టి ఎవరికీ భయం ఉండదు. తర్వాత సాంబారులో నానిన గారె, ముక్కలుగా కోసిన ఉల్లిపాయ ఊతప్పం. ఇడ్లీ మనకెంత ఇష్టమైనా, ఉత్త ఇడ్లీ మొదటి రోజు వాళ్లకు చప్పగా అనిపిస్తుంది. చిట్టి ఇడ్లీలు సాంబారులో వేసిచ్చేది చెప్పండి. కరివేపాకు, ఎండుమిర్చి, పొంగల్‌లోని మిరియాలు తీసి పక్కన పెట్టొచ్చని తప్పకుండా చెప్పాలి. పాపం, మర్యాద కోసం నమిలేస్తారు. కారం తగిలితే నీళ్లు కాదు, పెరుగన్నమో లస్సీయో ఇవ్వండి. పాలలో ఉండే కేసీన్ అనే ప్రోటీన్ నాలుక మీది కారాన్ని కడిగేస్తుంది, నీళ్ల వల్ల అది కాదు. చివర్లో ఫిల్టర్ కాఫీ.

వచ్చేది ఇద్దరు ముగ్గురే అయి, చేతిలో సగం రోజు ఉంటే నా ఓటు క్యాంటీన్‌కే. శనివారమో ఆదివారమో అయితే పదకొండుకల్లా చేరుకోండి, మధ్యాహ్నం పూజలు చూసుకుని జనం దిగేసరికి టేబుల్ దొరకదు.