సెలవుల్లో వండర్‌లా, రామోజీ ఫిల్మ్ సిటీ: టికెట్ డబ్బుకు దక్కేదెంత?

హైదరాబాద్‌లో ఉంటూ దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో పిల్లలనూ, ఊరి నుంచి వచ్చిన పెద్దలనూ వెంటబెట్టుకొని ఈ రెండు చోట్లకూ కొన్నేళ్లుగా వెళ్తున్న అనుభవంతో రాస్తున్నాను. రెండు టికెట్ల ధరలను పక్కపక్కన పెట్టి ఏది చవకో తేల్చడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. ఆ టికెట్‌తో ఇంట్లో ఎవరికి ఎంతసేపు సంతోషం దక్కుతుందన్నదే నా దృష్టిలో అసలు లెక్క.

రావిర్యాల దగ్గర 2016లో ప్రారంభమైన వండర్‌లా ప్రధానంగా రైడ్ల పార్కు. ఇక్కడ పిల్లల టికెట్‌ను వయసును బట్టి కాక ఎత్తును బట్టి నిర్ణయిస్తారు. 140 సెంటీమీటర్లు దాటితే పెద్దల టికెట్ కొనాల్సిందే. పదేళ్ల పిల్లవాడికి పెద్దల ధర ఏమిటని తల్లిదండ్రులు బాధపడటం సహజమే కానీ, పెద్ద థ్రిల్ రైడ్లు కొన్నింటికి అదే ఎత్తు అవసరం కాబట్టి, టికెట్ విలువ పూర్తిగా రాబట్టుకొనేది ఆ పిల్లవాడే. 130 సెంటీమీటర్ల తమ్ముడికి రాయితీ దొరికినా, అన్న ఎక్కిన రైడ్ వైపు ఆశగా చూస్తూ కింద నిలబడవలసి వస్తుంది. ఆ ముఖం చూసినప్పుడు రాయితీ వచ్చిందన్న తృప్తి మిగలదు. అందుకే బయలుదేరే ముందే ఇంట్లో ఎత్తు కొలిచి, ఒక్కొక్క రైడ్‌కు ఉన్న పరిమితితో సరిచూసుకోవడం మంచిది.

సెలవు రోజుల్లో ఏ రైడ్ల పార్కులోనైనా నష్టం రెండు వైపుల నుంచీ వస్తుంది: ధర పెరుగుతుంది, వరుసలు పొడవై ఎక్కగలిగే రైడ్లు తగ్గుతాయి. ఉదాహరణకు, మామూలు రోజున 1,000 రూపాయలతో పది రైడ్లు ఎక్కితే ఒక్కోదానికి వంద రూపాయలు పడుతుంది. రద్దీ రోజున 1,300 పెట్టి ఆరే ఎక్కగలిగితే అది 216 దాటుతుంది. ఇలాంటి రోజున, పొడవాటి వరుసలో నిలబడకుండా రైడ్ ఎక్కనిచ్చే ఫాస్ట్‌ట్రాక్ టికెట్‌కు అర్థం ఉంది, అదీ రైడ్లు ఎక్కే యువతకు మాత్రమే. నీళ్ల ఆటలు ఇష్టం లేని పెద్దలకు సాధారణ టికెట్ కూడా ఎక్కువే.

విజయవాడ రహదారిపై అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర, దాదాపు 2,000 ఎకరాల్లో 1996 నుంచి ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీ విషయం వేరు. బస్సులో కూర్చొని గైడ్ మాటలు వింటూ సెట్లు, ఉద్యానాలు చూడటం, ప్రదర్శనలకు హాజరు కావడం కలిపి టికెట్‌లో ఉంటాయి కాబట్టి అమ్మమ్మ నుంచి మనవరాలి వరకూ అందరికీ అందులో భాగం దక్కుతుంది. తెర మీద చూసినవన్నీ ఎలా తయారవుతాయో తెలుసుకుంటూ మా పెద్దవాళ్లు పొందిన ఆనందాన్ని ఏ రైడ్‌తోనూ కొలవలేను. అయితే ఎండలో తిరగడం ఎక్కువ. వేసవి కంటే సంక్రాంతి సెలవులే నయం. వండర్‌లాకు సరిగ్గా దీనికి విరుద్ధం, ఎందుకంటే చలికాలంలో నీళ్ల రైడ్ల విలువ సగానికి పడిపోతుంది.

ప్రవేశ రుసుముపై జీఎస్టీ 2018 జనవరిలో 28 శాతం నుంచి 18కి తగ్గింది. ధరలు పోల్చేటప్పుడు పన్ను కలిపిన మొత్తాన్నే చూడాలి. భోజనం, లాకరు, రానుపోను ఖర్చులు కూడా చేర్చుకుంటే, నలుగురున్న కుటుంబానికి టికెట్ ధరలోని చిన్న తేడా ఆ మొత్తంలో కనిపించకుండా పోతుంది.