డేకేరా, నానీయా, అమ్మమ్మా: అమెరికాలో పసిబిడ్డకు ఏది మేలు?

అమెరికాలో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలు చేసే తెలుగు ఇంట్లో ఎవరైనా నీళ్ళోసుకున్నారని తెలిస్తే, కంగ్రాట్స్ చెప్పిన వెంటనే అందరూ అడిగేది ఒకటే: "అమ్మావాళ్ళు వస్తున్నారా?" ఆ ప్రశ్నకు కారణం ఉంది. 1993 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చే సెలవు 12 వారాలు. అదీ జీతం లేకుండా. అదీ 50 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న కంపెనీలో కనీసం ఏడాది పనిచేసి ఉంటేనే. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో రాష్ట్రం తరఫున జీతంలో కొంత చేతికొస్తుంది. టెక్సాస్‌లో అదీ లేదు, కంపెనీ ఎంత ఇస్తే అంత. ఎలా చూసినా చాలామందికి మూడో నెల నిండేసరికి బిడ్డను ఎవరో ఒకరి చేతిలో పెట్టక తప్పదు.

ఎవరి చేతిలో అన్నదానికి అందరూ ముందు ఖర్చు చూస్తారు. నేను ఇంకోటి చూస్తాను. బాగున్న రోజు ఏ ఏర్పాటైనా బాగానే ఉంటుంది. అది ఏ రోజు చేతులెత్తేస్తుంది, ముందు చెప్పి ఎత్తేస్తుందా చెప్పకుండానా, ఆ రోజు మన గతేంటి? అసలు తేడా అక్కడ బయటపడుతుంది.

డేకేర్ తరచూ చేతులెత్తేస్తుంది. బుధవారం పదకొండింటికి ఫోన్ వస్తుంది: "పాపకు 100.4 ఉంది, వచ్చి తీసుకెళ్ళండి." మందు వేయకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉంటేనే మళ్ళీ రానిస్తారు కాబట్టి గురువారం కూడా పోయినట్టే. చేరిన మొదటి చలికాలమంతా ఇదే వరస. జలుబు, చెవినొప్పి, కళ్ళకలక, హ్యాండ్ ఫుట్ మౌత్ (చేతులు, కాళ్ళు, నోట్లో పొక్కులొచ్చే జబ్బు), ఆర్‌ఎస్‌వీ (ఊపిరితిత్తులకు సోకే వైరస్). పిల్లకు తగ్గేసరికి మనం పడతాం. సెలవులు ఫిబ్రవరికల్లా కరిగిపోతాయి. ఎవరి మీటింగ్ ముఖ్యమో తేల్చుకునే పంచాయితీ వంటింట్లో నడుస్తుంది. (నా అనుభవంలో ఆ పంచాయితీలో తరచూ ఓడేది తల్లి క్యాలెండరే.) సాయంత్రం ఆలస్యమైతే నిమిషాల లెక్కన ఫైన్ వేసేవాళ్ళూ ఉన్నారు.

కానీ గమనించండి, ఇవన్నీ చిన్న దెబ్బలు, ముందే ఊహించగలిగినవి. టీచరుకు ఒంట్లో బాగోకపోతే ఇంకో టీచరుంటుంది. న్యూజెర్సీలో ఏడాదిన్నర లోపు పిల్లలు నలుగురికి ఒక మనిషి ఉండాలని నిబంధన. టెక్సాస్‌లోనూ ఏడాది లోపువాళ్ళకు అదే లెక్క. ఫీజు చాలా ఊళ్ళలో ఇంటి అద్దెతో పోటీ పడుతుంది, నిజమే. కాకపోతే కంపెనీలో డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ (పిల్లల సంరక్షణ ఖర్చుకు జీతంలోంచి పక్కన పెట్టుకునే ఖాతా) ఉంటే అందులో కొంత పన్ను పడని డబ్బుతో కట్టొచ్చు. కుటుంబానికి ఏడాదికి 5,000 డాలర్లుండే దాని పరిమితి 2026 నుంచి 7,500 అయింది.

ఇక అమ్మమ్మ, నానమ్మల దారి. వీళ్ళిచ్చేది ఏ డేకేరూ ఇవ్వలేదు. ఇక్కడి బాత్‌రూంలో పీట ఉండదు, కాళ్ళు చాపుకునే చోటుండదు. అయినా అమ్మ ఎలాగో బాత్‌టబ్‌లోకి దిగి, కాళ్ళ మీద పిల్లను బోర్లా వేసుకుని, నూనె రాసి, సున్నిపిండి నలుగు పెట్టి, మగ్గుతో నీళ్ళు పోస్తుంది. తర్వాత సాంబ్రాణి. స్మోక్ అలారం కెవ్వుమంటుంది, నాన్న కుర్చీ ఎక్కి టవల్‌తో విసురుతాడు. ఆ స్నానం తర్వాత పిల్ల పోయే నిద్రకు సాటి లేదు. మనం ఆఫీసు కాల్ ముగించి వచ్చేసరికి వేడన్నం, వెల్లుల్లి కారం ఉంటాయి.

గొడవలూ అక్కడే మొదలు. ఇక్కడి డాక్టరు వెల్లకిలా పడుకోబెట్టమంటుంది, తొట్టిలో దుప్పటీ దిండూ ఉండకూడదంటుంది, ఏడాది దాటేదాకా తేనె నాకించొద్దంటుంది. "మిమ్మల్ని ఇలాగే పెంచామా, మీరు బతకలేదా?" అని అమ్మ. కారులో గుక్కపెట్టి ఏడుస్తున్నా సీట్లోంచి తీయొద్దంటే ఆవిడ దృష్టిలో మనం రాక్షసులం.

ఈ ఏర్పాటు అరుదుగా విఫలమవుతుంది. విఫలమైతే మాత్రం మామూలు దెబ్బ కాదు. పాస్‌పోర్టులో వీసా పదేళ్ళకున్నా, ఎయిర్‌పోర్టులో సాధారణంగా ఇచ్చేది ఆర్నెల్లే. ఐ-94లో (ఎంతకాలం ఉండొచ్చో చూపే రాక రికార్డులో) ఉన్న తేదీయే లెక్క. అది చుట్టపుచూపు వీసా. మనవరాలిని ఎత్తుకోవడానికి వస్తున్నారు, ఉద్యోగానికి కాదు. అందుకే ఆర్నెల్లు అమ్మావాళ్ళు, ఆర్నెల్లు అత్తమామలు అని వంతులేసుకుంటాం, ఒక వంతు టికెట్ జరిగితే మొత్తం కూలుతుంది. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బుల్ని చాలావరకు తప్పిస్తాయి. బీపీ, షుగరు ఉన్న మనిషి బేస్‌మెంట్ మెట్ల మీద కాలు జారితే ఆసుపత్రి బిల్లు ఏడాది డేకేర్ ఫీజును మింగేస్తుంది. అంతదాకా పోనక్కర్లేదు, అరవై దాటిన మోకాళ్ళు తొమ్మిది నెలల పిల్ల వెనక ఎంతసేపు పరిగెత్తుతాయి? నాన్నకు డ్రైవింగ్ రాదు, టీ కొట్టు లేదు, పలకరించే మనిషి లేడు. చాలా ఇళ్ళలో వాళ్ళను "ఎప్పుడొస్తున్నారు" అనే అడుగుతారు, "రావాలనుందా" అని అడగరు.

ఇక నానీ, అంటే జీతానికి మనింట్లోనే పిల్లను చూసుకునే మనిషి సంగతి. "తెలుగు వంట వచ్చిన లివ్-ఇన్ నానీ కావలెను" అని వాట్సాప్ గ్రూపుల్లో రోజూ చూస్తుంటాం. దొరికితే సుఖమే, జ్వరమొచ్చినా పిల్ల ఇంట్లోనే ఉంటుంది. కానీ ఆవిడకు ఇంకెవరో రెండొందలు ఎక్కువిస్తామంటే ఆదివారం రాత్రి మెసేజ్ వస్తుంది, సోమవారం మీరు సెలవు. మూడిట్లో చెప్పకుండా కూలేది ఇదే. పైగా విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళనో, ఈఏడీ (పని అనుమతి పత్రం) లేని హెచ్‌4 (హెచ్‌1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) వాళ్ళనో పెట్టుకోవడం చట్టవిరుద్ధం, పెట్టుకున్నవాళ్ళకీ తప్పే. పద్ధతిగా పెట్టుకుంటే మీరే యజమాని. ఏడాది జీతం 2026 లెక్కన 3,000 డాలర్లకు చేరితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి మీ వంతు 7.65 శాతం కట్టి, డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్నుల వివరాల ఫారం) ఇవ్వాలి. వీధి చివర ఆంటీ నడిపే హోమ్ డేకేర్ మధ్యేమార్గం. పప్పన్నం తినిపిస్తుంది, తెలుగు మాట్లాడుతుంది. లైసెన్సు ఉందా, ఎంతమంది పిల్లలున్నారు అని మొహమాటం లేకుండా అడగండి. క్యాషే కావాలనీ ట్యాక్స్ నంబరు ఇవ్వననీ అంటే ఆ ఎఫ్‌ఎస్‌ఏ డబ్బు క్లెయిమ్ చేయడం కష్టం.

నన్నడిగితే, పెద్దవాళ్ళు ఇష్టంగా వస్తానంటే మొదటి ఆర్నెల్లు వాళ్ళు, ఆ తర్వాత డేకేర్. రోజూ తగిలే చిన్న దెబ్బను తట్టుకోవచ్చు, ఒక్కసారే పడే పెద్ద దెబ్బకు ఉద్యోగమే పోవచ్చు. కవలలైతే లెక్క మారుతుంది, రెండు ఫీజుల కంటే నానీయే చౌక పడొచ్చు. ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసేవాళ్ళకు డేకేర్ వేళలు కుదరవు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే మొదటి చలికాలం డేకేర్ వద్దనే చెప్తాను, ముందు డాక్టర్ని అడగండి.

ఒక్క జాగ్రత్త మాత్రం అందరికీ. అమ్మావాళ్ళ విమానం శనివారం, డేకేర్ సోమవారం అని పెట్టుకోకండి. వాళ్ళ తిరుగు ప్రయాణానికి నెలన్నర ముందే, వీలైతే ఎండాకాలంలో, పిల్లను చేర్చండి. మొదటి జ్వరాల్లో కొన్నయినా అమ్మమ్మ ఇక్కడ ఉండగానే అయిపోతాయి. ఆ తేదీకి సీటు దొరకాలంటే వెయిటింగ్ లిస్టులో పేరు ఐదో నెల కడుపుతో ఉన్నప్పుడే రాయించాలి.