ఫిట్స్ తేల్చడానికి ఏది మేలు? రొటీన్ ఈఈజీ, వీడియో ఈఈజీ, చేతిలో ఫోన్

తల మీద పేస్టు తుడుస్తుండగానే అడుగుతారు, "బాబూ, బాగానే వచ్చిందా?" అని. అది నేను చెప్పకూడదు, డాక్టరుగారే చెప్పాలి. రిపోర్టు చేతికొచ్చాక కొందరు మళ్ళీ నా గది ముందుకే వస్తారు. "నార్మల్ అని రాశారు కదండీ, మరి మాత్రలెందుకు? ఇంకోసారి తీయించమంటారా? ఇరవైనాలుగు గంటలది చేయిస్తే తేలిపోతుందా?" పద్నాలుగేళ్ళుగా ఈఈజీ (తల మీద తీగలు అతికించి మెదడు తరంగాలు రికార్డు చేసే పరీక్ష) టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్నలు వినని వారం లేదు. నిలబడి చెప్పే రెండు ముక్కలతో తీరేది కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. జబ్బు తేల్చేది న్యూరాలజిస్టే. ఏ పరీక్ష ఏం పట్టుకుంటుందో, ఏం పట్టుకోలేదో మాత్రం దగ్గర నుంచి చూసినవాడిగా చెప్పగలను.

ముందు రొటీన్ ఈఈజీ. టేపుతో తల కొలిచి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, ఇరవై ఒక్క లీడ్లు, అంటే సన్నటి తీగలు, అతికించి, ఇరవై ముప్పై నిమిషాలు రికార్డు చేస్తాం. మధ్యలో మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీయిస్తాం, కళ్ళ ముందు లైటు కొట్టిస్తాం. ఆ అరగంటలో పేషెంటుకి ఫిట్ రావడం చాలా అరుదు. మేం వెతికేది ఫిట్‌ని కాదు, రెండు ఫిట్ల మధ్య మెదడు వదిలే చిన్న చిన్న స్పైక్‌లని. అవి ఆ అరగంటలో కనబడాలని రూలేమీ లేదు. మూర్ఛ ఉన్నవాళ్ళలో కూడా మొదటి ఈఈజీలో ఇవి కనబడేది సుమారు సగం మందికే. 1987లో వచ్చిన ఒక అధ్యయనంలో మూర్ఛ ఉన్నవాళ్ళకే మళ్ళీ మళ్ళీ తీసి చూశారు. మొదటిసారి 50 శాతం మందిలో కనబడ్డవి, మూడోసారికి 84 శాతం, నాలుగోసారికి 92 శాతం మందిలో బయటపడ్డాయి. అంటే నాలుగుసార్లు తీసినా కొందరివి నార్మల్‌గానే ఉంటాయి. నార్మల్ రిపోర్టు చూసి మాత్రలు ఆపేసి, నెల తిరక్కుండా బండి మీద నుంచి పడి వచ్చినవాళ్ళని చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

రెండో వైపు కూడా చెప్పాలి. బ్రిటిష్ వైమానిక దళంలో చేరబోయే 13,658 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళకి ఈఈజీ తీస్తే 0.5 శాతం మందిలో మూర్ఛలో కనబడే లాంటి తరంగాలే కనబడ్డాయి. 1993లో ప్రచురించారు. వాళ్ళకి జబ్బు లేదు. దానికి తోడు నిద్రమత్తులో కొందరికి సహజంగా వచ్చే మొనదేలిన తరంగాలు చూసి స్పైక్ అని పొరబడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఒక్కసారి స్పృహ తప్పి పడినందుకు ఈఈజీ తీయించుకుని, అందులో ఏదో ఉందన్న ఒక్క మాటతో ఏళ్ళ తరబడి మందులు వాడేవాళ్ళ గురించే నాకు ఎక్కువ బాధ.

మళ్ళీ తీయించాల్సి వస్తే అదే పద్ధతిలో ఊరికే తీయించకండి. రాత్రి నిద్ర తగ్గించుకుని వచ్చి, పరీక్షలో కాసేపు నిద్రపోతే స్పైక్‌లు కనబడే అవకాశం పెరుగుతుంది. ఫిట్ వచ్చిన ఇరవైనాలుగు గంటల్లోపు తీసినా అంతే. ఎంతసేపు మేలుకోవాలో డాక్టరుగారిని అడగండి, చిన్నపిల్లల లెక్క వేరు. తలకి నూనె రాయకుండా, షాంపూతో స్నానం చేయించి తీసుకురండి. నూనె తల మీద లీడ్లు నిలవవు. అరగంట రికార్డింగ్‌లో పది నిమిషాలు వాటిని సరిచేయడానికే పోతుంది.

ఇక నా దృష్టిలో అన్నిటికన్నా తూకం వేయాల్సిన విషయం ఒకటే. ఆ ఫిట్ వచ్చిన నిమిషాన్ని ఎవరైనా సరిగ్గా చూశారా? మిగతా పరీక్షలన్నీ ఆ నిమిషం చుట్టూ తిరుగుతాయి తప్ప ఆ నిమిషాన్ని చూపించవు.

సత్తెనపల్లి వైపు నుంచి ఒకమ్మాయిని అత్తగారు తీసుకొచ్చింది. నాలుగేళ్ళలో మూడు ఈఈజీలు, మూడూ నార్మలే. మాత్రలు మాత్రం ఒకటి నుంచి మూడు రకాలయ్యాయి. లీడ్లు పెడుతుంటే ఆ పిల్ల చేతులు సన్నగా వణుకుతున్నాయి, కూర్చునే తూగుతోంది. నా దువ్వెనకి జుట్టు కుచ్చులుగా వచ్చింది. "వారానికి రెండుసార్లు వస్తన్నాయి బాబూ, ఎన్ని మందులేసినా తగ్గట్లేదు" అంది అత్తగారు. ఫిట్ వచ్చినప్పుడు ఎలా ఉంటుందో చెప్పమంటే ఆమె ఒకలా, మొగుడు ఇంకోలా చెప్పారు. గుమ్మం దగ్గర నిలబడ్డ మరిది మెల్లిగా ఫోన్ తీశాడు. ఎవరూ అడగలేదని ఎప్పుడూ చూపించలేదట. యాభై సెకన్ల వీడియో. తల అటూ ఇటూ తిప్పుతోంది, కాళ్ళూ చేతులూ కాసేపు కొట్టుకుని, ఆగి, మళ్ళీ మొదలవుతున్నాయి. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

నేనేమీ అనలేదు, డాక్టరుగారికి చూపించమని మాత్రం చెప్పాను. ఆయన మూడుసార్లు చూసి వీడియో ఈఈజీకి, అంటే కెమెరాతో తీస్తూనే ఈఈజీ కూడా నడిపే పరీక్షకి, అడ్మిట్ చేసుకున్నారు. రెండోరోజు మధ్యాహ్నం అదే ఎటాక్ కెమెరా ముందు వచ్చింది. కండరాల కదలిక గీతల మధ్య, మెలకువగా ఉన్న మనిషి మెదడులో ఉండే మామూలు లయ కనబడుతూనే ఉంది. అది మూర్ఛ కాదు. మనసులో పేరుకున్న బాధ శరీరంలో ఎటాక్‌గా బయటికి రావడం. ఇది నటన కాదు, ఆ పిల్ల కావాలని చేసింది కాదు. దీనికి వైద్యం వేరే ఉంది, సైకాలజిస్టు దగ్గర. మందులు డాక్టరుగారు నెలల తరబడి నెమ్మదిగా తగ్గించారు. మందులకి లొంగడం లేదని పెద్ద సెంటర్లకి పంపే కేసుల్లో ఐదింట ఒకటి, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే, ఇలాంటివి ఉంటాయి.

కళ్ళ సంగతి చిన్నదేమీ కాదు. 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో వీడియో ఈఈజీలో తేలిన పేషెంట్లని పోల్చారు. మూర్ఛ ఉన్న 156 మందిలో 152 మంది ఎటాక్ సమయంలో కళ్ళు తెరిచే ఉన్నారు. మూర్ఛ కాని ఎటాక్‌లు వచ్చే 52 మందిలో 50 మంది మూసుకున్నారు. అలాగని కళ్ళు చూసి ఇంట్లో తీర్పు చెప్పేయకూడదు. ఒకే మనిషికి రెండు రకాలూ ఉండొచ్చు.

ఫోన్ వీడియోని డాక్టర్లు ఎంత నమ్మొచ్చన్నది అమెరికాలో ఎనిమిది ఎపిలెప్సీ (మూర్ఛ) సెంటర్లు కలిసి పరీక్షించాయి, ఫలితం 2020లో వచ్చింది. 44 మంది పేషెంట్ల ఇళ్ళ నుంచి వచ్చిన 44 వీడియోలు నిపుణులకి చూపించి, తర్వాత వీడియో ఈఈజీలో తేలిన దానితో పోల్చారు. మూర్ఛ అవునా కాదా అన్నది నిపుణులు 89 శాతం సరిగ్గా చెప్పారు. ఇంకా శిక్షణలో ఉన్న డాక్టర్ల అంచనాలు అంత సరిగ్గా రాలేదు. కాబట్టి వీడియో ఎంత ముఖ్యమో, చూసే కన్నూ అంతే ముఖ్యం.  కాళ్ళూ చేతులూ కదిలే ఎటాక్‌లు తేలిగ్గా తెలుస్తాయి. ఉన్నట్టుండి చూపు నిలిపేసి ఉండిపోయేవి ఫోన్‌లో అంతగా తెలియవు.

అందుకే ఎలా తీయాలో చెబుతాను. ముందు మనిషి క్షేమం. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఏమీ ఒరగదు. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గక ముందే ఇంకోటి వచ్చినా ఫోన్ పక్కన పడేసి 108కి చేయండి. ఇంట్లో ఇద్దరుంటే ఒకరు పక్కన కూర్చోండి, ఒకరు తీయండి. లైటు వేసి దుప్పటి తీసేయండి. ముఖం, కాళ్ళూ చేతులూ అన్నీ ఫ్రేములో పడాలి. మొహం ఒక్కటే దగ్గరగా తీసిన వీడియోలే ఎక్కువ వస్తాయి మాకు. పేరు పెట్టి పిలవండి, చెయ్యి ఎత్తమనండి, జవాబిస్తున్నారో లేదో రికార్డవ్వాలి. తగ్గిపోగానే ఆపేయకండి, తేరుకునేదాకా తీయండి. ఏ వైపు చెయ్యి ముందు బిగిసింది, ఎంతసేపటికి మాట వచ్చింది అన్నవి డాక్టరుకి చాలా చెబుతాయి. వీడియోలో లేనిది నోటితో చెప్పండి. నిలబడి ఉన్నారా, నిద్రలో ఉన్నారా, తలంటు పోసుకుంటున్నారా? తల మీద వేడినీళ్ళు పోసుకున్నప్పుడే వచ్చే మూర్ఛ ఒకటుంది, దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో ఎక్కువగా నమోదైంది. వీడియో డాక్టరుకి తప్ప ఎవరికీ పంపకండి. ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఆ మనిషి ముఖం ఎత్తుకోలేరు.

వీడియో ఈఈజీ విషయానికి వస్తే, కెమెరా, మెదడు తరంగాలు రెండూ ఒకే గడియారం మీద నడుస్తాయి. ఆ నిమిషం దొరికితే దీన్ని మించిన సాక్ష్యం లేదు. దొరకాలి, అంతే. వారానికి రెండు వచ్చేవాళ్ళకి రెండు మూడు రోజుల్లో దొరకొచ్చు. ఆరు నెలలకొకటి వచ్చేవాళ్ళకి ఇరవైనాలుగు గంటలు పెడితే ఎటాక్ దొరుకుతుందన్న ఆశ తక్కువ. కాకపోతే రాత్రంతా నిద్రలో తరంగాలు చూసే లాభం ఉంది. ఖర్చు రొటీన్‌కి ఎన్నో రెట్లు. కాబట్టి ఎన్ని గంటలన్నది ప్యాకేజీని బట్టి కాదు, ఫిట్లు ఎన్నాళ్ళకి వస్తున్నాయన్నదాన్ని బట్టి ఉండాలి. ఎటాక్ రప్పించడానికి మందులు తగ్గించడం ఆసుపత్రిలో డాక్టరు చేసే పని, ఇంటి దగ్గర మీరు తగ్గించుకుని రావొద్దు.

అడ్మిట్ అయ్యాక తోడున్నవాళ్ళ పని కూడా ఉంది. తెల్లవారుజామున మూడింటికి ఫిట్ వచ్చింది, కెమెరాలో చూస్తే నిండా దుప్పటే. చలేస్తుందని తల్లి కప్పింది. ఆవిడ ప్రేమని తప్పుపట్టలేను, కానీ కాలూ చెయ్యీ ఏమీ కనబడలేదు. ఏదైనా తేడాగా అనిపిస్తే బటన్ నొక్కండి, అనుమానమైనా నొక్కండి. కెమెరాకి అడ్డం నిలబడకండి. కొన్ని రకాల ఫిట్లు, ముఖ్యంగా స్పృహ పోకుండా వచ్చే చిన్నవి, తల పైన పెట్టిన లీడ్లకి అందవు. ఆ సంగతీ తెలిసి ఉండాలి.

ఎమ్మారై దీనికి పోటీ కాదు. ఫిట్ అవునా కాదా అని అది చెప్పదు, ఎందుకు వస్తోందో చెప్పొచ్చు. మెదడులో టేప్‌వార్మ్ పురుగు గుడ్డు వల్ల ఏర్పడిన గడ్డ, పాత దెబ్బ మచ్చ లాంటివి. డాక్టరు రాస్తే తీయించండి.

మందులు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి డైరీ రాయమంటారు. రాయండి, కానీ పేషెంటు ఒక్కరే రాస్తే చాలదు. జర్మనీలోని బాన్ నగరంలో 91 మందిని వీడియో ఈఈజీలో ఉంచి, ఫిట్ వచ్చినప్పుడల్లా నోట్ చేయమన్నారు. 2007లో వచ్చిన లెక్క ప్రకారం 55.5 శాతం ఫిట్లు వాళ్ళు రాయనే లేదు, నిద్రలో వచ్చినవైతే దాదాపు 86 శాతం. వచ్చినట్టు వాళ్ళకే తెలియదు మరి. పక్కన పడుకునేవాళ్ళు కూడా రాయాలి. చేతికి పెట్టుకునే బ్యాండ్లు ఒళ్ళంతా కొట్టుకునే పెద్ద ఫిట్లని మాత్రమే పట్టుకుంటాయి. ఒంటరిగా పడుకునేవాళ్ళకి పనికొస్తాయి తప్ప జబ్బు తేల్చడానికి కాదు.

ఏది మేలంటే నా సలహా ఇది. మొదటిసారి వచ్చినప్పుడు రొటీన్ ఈఈజీ, కుదిరితే నిద్రతో కలిపి. అది నార్మల్ వచ్చి అనుమానం మిగిలితే, వెంటనే రెండోది మూడోది తీయించే ముందు ఇంట్లో వీడియో పట్టుకునే ప్రయత్నం చేయండి. సరైన మందులు రెండు రకాలు, సరైన డోసులో వాడినా తగ్గకపోతే ఇంకో రొటీన్ ఈఈజీకి డబ్బు పెట్టకండి. వీడియో ఈఈజీ అవసరమా అని మీరే అడగండి. చిన్న ఊళ్ళో లేకపోతే ఉన్న చోటికి రాసివ్వమనండి. వీడియో ఈఈజీకి డబ్బు సరిపోకపోతే, మంచి ఫోన్ వీడియో పట్టుకుని ఎపిలెప్సీ చూసే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళడం, మూడు నార్మల్ రిపోర్టులు పట్టుకుని వెళ్ళడం కన్నా మేలు.

ఆ సత్తెనపల్లి అమ్మాయి వచ్చి వెళ్ళినప్పటి నుంచి, టేపు తీసి తల కొలవక ముందే తోడొచ్చినవాళ్ళందరినీ ఒక మాట అడుగుతున్నాను, "మీలో ఎవరి ఫోన్‌లోనైనా వీడియో ఉందా అమ్మా?" అని. చాలాసార్లు ఉంటుంది, ఎవరో మూలన నిలబడ్డ తమ్ముడి దగ్గరో, మరిది దగ్గరో.