జియోథర్మల్ ఏసీ పేరుతో మోసం: బెంగళూరులో ఇల్లు కట్టుకుంటున్న తెలుగువాళ్లు చూసుకోండి

మన గ్రూపుల్లో తిరుగుతున్న ఆ కాంట్రాక్టరే. పేరు రాయడం లేదు, కొటేషన్ తీసుకున్నవాళ్లకి అర్థమవుతుంది.

జియోథర్మల్ ఏసీ అంటే గదుల వేడిని బోర్లలో దించిన నీళ్ల పైపుల ద్వారా భూమిలోకి పంపే ఏసీ. ఇది మూడు టన్నుల సిస్టమ్. గదుల నుంచి లాగే వేడి 10.5 కిలోవాట్లు. కంప్రెసర్ తినే కరెంటు కూడా వేడై దానికి కలుస్తుంది కాబట్టి భూమిలోకి పోవాల్సింది సుమారు 13. ఇక్కడి రాయిలో మీటరు బోరుకి 50 వాట్లు అనుకున్నా 260 మీటర్లు కావాలి. కొటేషన్‌లో అలాగే 90 మీటర్లవి మూడు బోర్లు రాశాడు, మూడింటికీ డబ్బు తీసుకున్నాడు.

మధ్యాహ్నం కాసేపు నడిస్తే చాలు, లూప్ (బోర్లలోని పైపులు) నుంచి తిరిగొచ్చే నీళ్లు 40 డిగ్రీలు దాటి, గ్యాస్ ప్రెషర్ మితిమీరి హై ప్రెషర్ ట్రిప్ పడి యూనిట్ ఆగిపోతోంది. పైపుల్లో లీకు లేదని చూపే ప్రెషర్ టెస్ట్ కాగితం అడిగితే "పూడ్చేసిన బోరుకి టెస్ట్ ఏంటి సార్, నమ్మకం లేకపోతే ఇంకొకర్ని చూసుకోండి" అని ఫోన్ పెట్టేశాడు. వేరే ప్లంబర్‌తో మానిఫోల్డ్ (బోర్ల పైపులన్నీ కలిసే చోటు) దగ్గర తవ్వించాం. బోరుకి రానూపోనూ రెండు చొప్పున ఆరు పైపులు ఉండాలి. కిందికి దిగినవి రెండే! మిగతా నాలుగూ అడుగు లోతులో మూత (ఎండ్ క్యాప్) బిగించి మట్టి కప్పిన ముక్కలు. ఇల్లు కట్టుకునేవాళ్ల కష్టార్జితంతో ఇంత నిర్దయగా ఎలా ఆడుకుంటారు?

దిగిన ఆ ఒక్క బోరులో కూడా బెంటొనైట్ (పైపు చుట్టూ సందు పూడ్చే బంకమట్టి) లేదు, తవ్వినప్పుడు వచ్చిన రాతిపొడే పోసేశాడు. పైపు చుట్టూ గాలి ఖాళీలుంటే వేడి రాయిలోకి పోదు, పైనున్న మురుగు భూగర్భజలంలోకి దిగుతుంది. పైగా గ్లైకాల్‌కి బిల్లు వేశాడు. నీళ్లు గడ్డకట్టే ప్రసక్తే లేని ఊళ్లో అదెందుకు? మామూలు మంచినీళ్లు చాలు.

బోరులో దించే హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు మీద మీటరు మీటరుకీ అంకె అచ్చేసి ఉంటుంది. దించేముందు, దించాక ఫోటో తీసుకోండి, 90 మీటర్ల బోరుకి రానూపోనూ 180 మీటర్లు లోపలికి పోవాలి. ప్రెషర్ టెస్ట్ బెంటొనైట్ పోశాక మళ్లీ చేయించండి. పైపు సాగుతుంది కాబట్టి ప్రెషర్ గేజ్ ముల్లు మొదట కొంచెం దిగినా తర్వాత కదలకూడదు. బోర్ల మధ్య ఐదారు మీటర్లు ఉండాలి, 30×40 అడుగుల సైటులో మూడు పట్టడం కష్టమే, ముందే కొలుచుకోండి.

ఆయన కొటేషన్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి, బోర్ల లెక్క చూసి చెబుతాను.