జేగురు రంగు సున్నపు గోడ: నాలుగేళ్ల తర్వాత

లాసన్స్ బే కాలనీలో మాది చిన్న ఆడిట్ ఆఫీసు. ఎనిమిది మందిమి, గదుల నిండా ఫైళ్లు. 2021 ఎండాకాలంలో లోపలంతా మార్పించినప్పుడు డిజైనర్‌కి ఒకటే చెప్పాను: లోపలికి అడుగు పెడితే విశాఖలో ఉన్నట్టు తెలియాలి. ఆ అమ్మాయి భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల ఫొటోలు తెచ్చి టేబుల్ మీద పరిచింది. వెదురు తెరలు, మొక్కల గోడ, ఏటికొప్పాక లక్క కొక్కేలు, చాలానే పెట్టించాం. నేను రాయాలనుకున్నది మాత్రం నా సీటు ఎదురుగా ఉన్న ఒక్క గోడ గురించే.

దానికి పుట్టీ లేదు, ప్లాస్టిక్ పెయింట్ లేదు. గుల్ల సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్లు, కొంచెం బెల్లం నీళ్లు. పై పూతలో జేగురు, అంటే ఎర్రకావి మట్టి, కలిపారు. దిబ్బల మట్టి గుప్పెడు కూడా తేలేదు. 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు అది, అక్కడి మట్టిని ముట్టుకోకూడదు. అయినా దిబ్బల ఎరుపుకీ జేగురు ఎరుపుకీ మూలం ఇనుప ఆక్సైడే కాబట్టి రంగు అచ్చంగా కుదిరింది.

ఉదయం తొమ్మిదిన్నరకి సముద్రం వైపు కిటికీలోంచి వెలుగు ఏటవాలుగా పడుతుంది. అప్పుడు తాపీ తిరిగిన గుర్తులన్నీ పైకి తేలి, వాన కోసిన దిబ్బ అంచులా కనిపిస్తాయి. ట్యూబ్‌లైట్ కింద మెరవదు. సెప్టెంబరులో ఆడిట్ రిపోర్టుల టెన్షన్‌తో రాత్రి పదింటిదాకా కూర్చున్నప్పుడు స్క్రీన్ మీంచి తలెత్తి ఆ గోడని చూస్తే కళ్లకి నిజంగా హాయిగా ఉంటుంది. నాలుగేళ్లయినా ఆ ఇష్టం తగ్గలేదు.

అయితే మొదటి ఏడాది చూడ్డానికొచ్చిన అందరికీ "దీనికి మెయింటెనెన్సే ఉండదు" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు అనను.

రెండో వర్షాకాలంలో గోడ అడుగున, ఒక మూల, తెల్లగా దూదిలాంటి ఉప్పు తేలింది. చీపురుతో దులిపితే పోయింది, వారానికి మళ్లీ వచ్చింది. పని చేసిన కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే, సీలర్ (తడి బయటికి రాకుండా మూసే పూత) కొట్టి మీద అదే రంగు ఎమల్షన్ పెయింట్ వేస్తే సరిపోతుందన్నాడు. మనుషుల్ని పంపించి ఒక్కరోజులో వేయించాడు. రంగు కూడా బాగానే కలిసింది. నవంబరు వానలకి ఆ ముక్క బొబ్బలెక్కింది. ఒకరోజు పొద్దున వచ్చేసరికి చాపంత పెచ్చు ఊడి కింద పడి ఉంది, వెనకున్న సున్నాన్ని కూడా లాక్కొచ్చింది. చాలా బాధేసింది. ఎమల్షన్ వద్దని ఆ రోజే గట్టిగా చెప్పి ఉండాల్సింది.

మా ఆఫీసు కుర్రాడు వాళ్ల ఊరి నుంచి, భీమిలి దగ్గర, ఒక పెద్ద మేస్త్రిని తీసుకొచ్చాడు. ఆయన గోడని అరచేత్తో తడిమి, లోపల పని మొదలుపెట్టకుండా కిటికీలోంచి బయటికి వంగి చూశాడు. ఏసీ నీళ్ల పైపు పొట్టిగా తెగిపోయి, రోజంతా బయటి గోడ మీదే కారుతోంది. ఆ తడి ఇటుకలోని, సిమెంటులోని ఉప్పుని కరిగించి లోపలికి తెస్తోంది. "తడి ఎల్లే దారి మూసేస్తే అది గోడనే పగలగొట్టుకొని ఎల్తాది బాబూ" అన్నాడు. మూడు నెలలుగా నాకు ఎవరూ చెప్పని సంగతి అది.

ముందు పైపు పొడిగించాం. పెయింట్ మొత్తం గీకించి, ఉప్పుని నీళ్లతో కడగకుండా పొడి బ్రష్‌తోనే దులిపించి, నెలపాటు అలాగే వదిలేశాం. తర్వాత ఆయనే సున్నం కలిపి ఆ ముక్క వరకు మెత్తాడు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి తొందరపడితే కుదరదన్నాడు. కొన్ని నెలలు ఆ అతుకు ముదురుగా కనబడింది. ఇప్పుడు ఎక్కడుందో వెతుక్కోవాలి. గోడంతా పడగొట్టకుండా చెడిన మేర మాత్రమే బాగుచేసుకోవచ్చని అప్పుడే తెలిసింది. ఆ గోడ మీద నాకు ఇష్టం రెట్టింపైంది.

తెల్ల చొక్కాతో ఆనుకుంటే భుజానికి ఎరుపు అంటుతుంది, అందుకే కుర్చీలు జానెడు ఇవతలికి జరిపాం. ఆ గదిలో ఫైళ్లకి ముక్క వాసన తక్కువే. ఆ గొప్ప పూర్తిగా గోడదే అనలేను, పగలంతా ఏసీ నడుస్తుంది మరి. మొదట్లో మొక్కల గోడని కూడా మెచ్చుకున్నాను గానీ, సంక్రాంతి సెలవుల్లో నీటి గొట్టాలు మూసుకుపోయి సగం మొక్కలు ఎండిపోయాయి. మిగిలినవి కుండీల్లోకి మారాయి. ఏటికొప్పాక కొక్కేలు చెక్కుచెదరలేదు, వాటి మేకులే సముద్రపు గాలికి తుప్పుపట్టాయి. స్టీలువి వేయించాను.

మామూలు పుట్టీ, పెయింట్‌తో పోలిస్తే నాకు దాదాపు రెండింతలైంది. మాది సొంత ఫ్లోరు, పిలిస్తే వచ్చే మేస్త్రి ఉన్నాడు, అందుకే నాకు గిట్టింది. పదకొండు నెలల అద్దె ఆఫీసులో నేనైతే పెట్టించను. వచ్చే వేసవిలో క్లయింట్లు కూర్చునే గదికి కూడా ఇదే పూత వేయిస్తున్నాను. రికార్డుల గది గోడకి బాత్రూమ్ తడి ఉంది, దాన్ని ఆపేదాకా ఆ గది జోలికి వెళ్లను.